ప్లేటు మీది పేరు

రికార్డు కంపెనీలు పాత పాటల్ని మళ్ళీ బజారులోకి తెచ్చినప్పుడల్లా 'అపురూప వారసత్వం' అనే మాట వాడుతుంటాయి. ఎవరి వారసత్వం? ఇంతకాలం అది ఎక్కడ మూలుగుతోంది? తిరిగి వచ్చింది ఎంత, రాకుండా ఉండిపోయింది ఎంత? ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు తక్కువ. మనం అడగాలి. ఎందుకంటే ఈ దేశంలో గ్రామఫోన్ చరిత్ర తొలి పేజీల నిండా ముస్లిం పేర్లే ఉన్నాయి. 'ఈ దేశానికి మీరేమిచ్చారు?' అని నిలదీసేవాళ్ళకు చూపించగల సాక్ష్యాల్లో ఆ లక్క ప్లేట్లు కూడా ఉన్నాయి. పుస్తకం అచ్చు ఆగిపోయినా గ్రంథాలయంలో ఒక్క ప్రతి మిగిలితే చదువుకోవచ్చు. ప్లేటు అలా కాదు. తిప్పే యంత్రం పోయాక, ముల్లు దొరక్కపోయాక, బీరువాలో ఉన్నా అది మూగదే. దానికి మళ్ళీ నోరిచ్చేది పునర్విడుదల ఒక్కటే. అందుకే దేన్ని మళ్ళీ వేస్తారు, దేన్ని వెయ్యరు అన్నది వ్యాపారం లెక్కగా మొదలై చరిత్ర లెక్కగా ముగుస్తుంది.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తాలో దిగాడు. అక్కడ ఆయన రికార్డు చేసిన వాళ్ళలో అందరికంటే పేరు తెచ్చుకున్నది గౌహర్ జాన్. అర్మీనియన్ క్రైస్తవ కుటుంబంలో ఏంజెలీనా యోవర్డ్‌గా పుట్టి, తల్లి ఇస్లాం స్వీకరించి మల్కా జాన్ అయినప్పుడు తానూ గౌహర్ అయింది. చివరికి మైసూరు ఆస్థాన గాయనిగా 1930లో కన్నుమూసింది. ఆమె పాట ముగిసే క్షణంలో గొంతు పెంచి, ఇంగ్లీషులో, తన పేరు గౌహర్ జాన్ అని ప్రకటించడం ఆ ప్లేట్లలో వినిపిస్తుంది. అది ఆడంబరం కాదు. ఇక్కడ మైనం మీద గీసిన పాట జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళి ప్లేటుగా అచ్చయ్యేది. అక్కడి పనివాళ్ళకు మన భాషలు రావు. ఏ పాట ఎవరిదో తెలియడానికి పాడినవాళ్ళే పేరు చెప్పాలి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ అవసరం తగ్గింది. ఒక యంత్రం అవసరం కోసం పుట్టిన ఆ కేకలో ఇవాళ మనకు వినిపించేది వేరు. తన కళకు తానే సంతకం పెట్టుకున్న ఒక స్త్రీ అందులో వినిపిస్తుంది.

గౌహర్ ఒక్కతే కాదు. అలహాబాద్ జానకీబాయి, ఆగ్రా జోహ్రాబాయి, మరెందరో బాయీలు, జాన్‌లు ఆ కొమ్ము ముందు నిలబడ్డారు. అప్పటి ఉస్తాదుల్లో చాలామందికి ఆ యంత్రమంటే అనుమానం. గంటన్నర సాగే ఖయాల్‌ను మూడు నిమిషాల్లో ఎలా ఇమడ్చాలన్నది వాళ్ళ బాధ. పరువు గల ఇళ్ళ ఆడవాళ్ళు పాడటమే తప్పుగా చూసిన కాలం అది. పరువు లేదని సమాజం తేల్చేసిన స్త్రీలే ఆ కొత్త యంత్రాన్ని ధైర్యంగా పట్టుకున్నారు. మూడు నిమిషాల్లో ఆలాపన, బందిష్, తానం పట్టించే విద్యను వాళ్ళే కనిపెట్టారు. ఈ దేశపు రికార్డు పరిశ్రమకు పునాది రాళ్ళు మోసిన కూలీల్లో వాళ్ళు ముందువరస వాళ్ళు.

ఇక ప్లేటు మధ్యలో అతికించిన గుండ్రటి కాగితం సంగతి. ఆ కాగితం మీద పేరు ఎలా పడిందో చూస్తే ఆనాటి సమాజమంతా కనిపిస్తుంది. వృత్తి గాయని పేరు పక్కన 'బాయి', 'జాన్' ఉంటాయి. బెంగాల్‌లో భద్రలోకుల ఇంటి నుంచి వచ్చినవాళ్ళ పేరు పక్కన బ్రాకెట్లో 'అమెచ్యూర్' అని వేసేవారు. అంటే వీళ్ళు డబ్బు కోసం పాడే జాతి కాదు, గమనించండి అని కొనేవాళ్ళకు చెప్పడం. కులమూ మతమూ పరువూ అన్నీ ఆ మూడంగుళాల కాగితంలోకి దూరాయి.

పేర్లు మారడం కూడా అక్కడే జరిగింది. బెంగాల్‌లో శ్యామా సంగీతం పాడి ఇంటింటా మారుమోగిన కె. మల్లిక్ అసలు పేరు మున్షీ మహమ్మద్ కాసిం. కాళీమాత మీద పాటలు ముస్లిం పేరుతో వేస్తే కొంటారో లేదోనన్న భయం ఆ పేరు మార్చింది. తర్వాత కథ తిరగబడింది. 1932లో కాజీ నజ్రుల్ ఇస్లాం రాసిన రంజాన్ పండుగ పాటను అబ్బాసుద్దీన్ పాడగా హెచ్.ఎం.వి. విడుదల చేసింది. ముస్లింలు రికార్డులు కొనరన్న కంపెనీ అంచనా తలకిందులైంది. ఆ పాట విరగబడి అమ్ముడుపోయింది. ఇస్లామీ పాటలకు గిరాకీ పుట్టేసరికి హిందూ గాయకులు ముస్లిం పేర్లు పెట్టుకున్నారు. ధీరేన్ దాస్ గని మియా అయ్యాడు. గిరీన్ చక్రవర్తి సోనా మియా అయ్యాడు. పాడే గొంతుకు మతం లేదు, కొనే చేతికే మతం ఉందని కంపెనీ లెక్క. పాత ప్లేట్లు మళ్ళీ వేసేటప్పుడు ఈ మారుపేర్ల వెనకున్న అసలు పేర్లు కూడా చెప్పకపోతే మనం సగం చరిత్రే వింటాం. మారుపేరు ఒక్కటే ఉంచితే కాసిం పోతాడు. అసలు పేరు ఒక్కటే ఉంచితే కాసిం ఎందుకు మల్లిక్ కావలసివచ్చిందో అన్నది పోతుంది. రెండూ ఉండాలి.

తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్. ఉత్తరాన కైరానాలో పుట్టి, కిరానా ఘరానాకు ఆధారంగా నిలిచిన మనిషి. మైసూరు ఆస్థానానికి వస్తూ పోతూ కర్ణాటక సంగీతాన్ని ప్రేమించాడు. ప్రేమించి ఊరుకోలేదు. త్యాగరాజ స్వామి ఖరహరప్రియ కృతి 'రామ నీ సమానమెవరు'ను రికార్డు మీద పాడాడు. తెలుగు మాటలు, అయ్యవారి కృతి, కైరానా నుంచి వచ్చిన ముస్లిం గొంతు. 1937లో ఆయన ప్రాణం పోయింది కూడా దక్షిణాదిలోనే, చెంగల్పట్టు దగ్గర సింగపెరుమాళ్ కోయిల్ రైల్వే స్టేషన్‌లో. త్యాగయ్య ఎవరివాడు, తెలుగు ఎవరిది అని గీతలు గీసేవాళ్ళకు ఆ ప్లేటు వినిపిస్తే చాలు. వాదన అక్కర్లేదు.

ఆయన ఇంట్లోనే పేర్ల కథ మరొకటి ఉంది. భార్య తారాబాయి విడిపోయి పిల్లల్ని వెంట తీసుకుపోయినప్పుడు వాళ్ళ పేర్లు మారిపోయాయి. అబ్దుల్ రెహమాన్ సురేశ్‌బాబు మానే అయ్యాడు. సకీనా సరస్వతి రాణే అయింది. పెద్దకూతురు హీరాబాయి బరోడేకర్‌గా దేశమంతటికీ తెలిసింది. తండ్రి ప్లేటూ బిడ్డల ప్లేట్లూ పక్కపక్కన పెట్టి, మీద రాసిన పేర్లు మాత్రమే చదివేవాడికి వాళ్ళు వేర్వేరు లోకాల వాళ్ళనిపిస్తుంది. కళ్ళు మూసుకుని వినేవాడికి ఒకటే ఇల్లు. అందుకే అంటున్నాను, పునర్విడుదల అట్ట వెనక రాసే నాలుగు వాక్యాలు పాటంత ముఖ్యమైనవని. ఆ నాలుగు వాక్యాలే ఆ ఇంటి తలుపు తీస్తాయి.

1948లో అమెరికాలో ఎల్పీ వచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేటు స్థానంలో 33 చుట్ల వినైల్ ప్లేటు నిలిచింది. మూడు నిమిషాల చోట ఇరవై నిమిషాలు దొరికాయి. కొత్త రికార్డింగులకు అదొక వరం. పాత పాటలకు అదొక జల్లెడ. పాత ప్లేట్లలో కొన్ని ఎల్పీకి ఎక్కాయి, ఎక్కువ భాగం ఎక్కలేదు. 78 ప్లేట్ల తయారీ ఆగిపోయాక ఎల్పీకి ఎక్కనిదంతా చీకట్లోకి పోయింది. ఆ తర్వాత క్యాసెట్టు, దాని తర్వాత సీడీ. ఎల్పీ దగ్గర ఆగిపోయింది క్యాసెట్టుకు రాలేదు. క్యాసెట్టుకు రానిది సీడీకి రావడం అరుదు. ఒక్కో మలుపులో కొందరు రాలిపోయారు. ఎవరు మిగులుతారన్నది గొంతు గొప్పతనాన్ని బట్టి మాత్రమే తేలలేదు. అప్పటికి అమ్ముడుపోగల పేరు ఎవరిది అన్నదాన్ని బట్టి తేలింది.

జోహ్రాబాయి ఆగ్రేవాలీనే చూడండి. 1908లో గ్రామఫోన్ కంపెనీ ఆమెతో ఏడాదికి 25 పాటలకు 2,500 రూపాయల చొప్పున ఒప్పందం రాసుకుంది. 1911 వరకు ఆమె అరవైకి పైగా పాటలు పాడింది. 1913లో చనిపోయింది. ఉస్తాద్ ఫయ్యాజ్ ఖాన్, బడే గులాం అలీ ఖాన్ లాంటివాళ్ళు ఆమె గానాన్ని తలకెత్తుకున్నారు. అలాంటి మనిషి పాటల్లో 18 ఏరి క్యాసెట్టుగా తెచ్చింది 1994లో. సీడీ వచ్చింది 2003లో. ఆమె చనిపోయిన 81 ఏళ్ళకు క్యాసెట్టు! అప్పటికి మూడు తరాలు ఆ గొంతు వినకుండానే పెరిగాయి. ఆగ్రా ఘరానా అంటే మగ గొంతే అనుకునేవాళ్ళు మన మధ్య ఎందుకున్నారో ఈ 81 ఏళ్ళే జవాబు చెప్తాయి.

బనారస్ రసూలన్‌బాయి కథ ఇంకా చేదు. ఆమె 1935లో భైరవిలో ఒక ఠుమ్రీ రికార్డు చేసింది. పూలబంతితో కొట్టవద్దని ప్రియుణ్ణి బతిమాలే పాట. తర్వాతి కాలంలో అందరికీ తెలిసిన పాఠంలో దెబ్బ గుండెకు తగులుతుంది. 1935 ప్లేటులో తగిలేది యవ్వనపు రొమ్ముకు. ఒక్క మాట తేడా. ఆ ఒక్క మాటలో కోఠా మీది స్త్రీ తన శరీరం గురించి సిగ్గుపడకుండా మాట్లాడిన కాలమంతా ఉంది. కచేరీ హాళ్ళలోకి, రేడియోలోకి వచ్చేసరికి ఆ మాట మంచి ఇళ్ళకు తగినట్టు మారిపోయింది. ఆ పాత ప్లేటును వెతుక్కుంటూ సబా దేవాన్ 2009లో 'ది అదర్ సాంగ్' అనే డాక్యుమెంటరీ తీశారు. ప్లేటు అందుబాటులో ఉండి ఉంటే ఆ వెతుకులాటే అక్కర్లేదు. ఇక రసూలన్‌బాయి సంగతి. 1957లో సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన ఆ గాయని ఇల్లు 1969 అహ్మదాబాద్ మతకల్లోలాల్లో నాశనమైంది. తర్వాత అలహాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం పక్కన చిన్న టీ దుకాణం పెట్టుకుంది. 1974లో పోయింది. లోపల గాలిలోకి పాటలు వదిలే భవనం, బయట టీ కాచే గాయని. పాత పాట మళ్ళీ వచ్చినప్పుడు అట్ట మీద 'బనారస్ పూరబ్ అంగ్ మాధుర్యం' అని రాస్తే సరిపోతుందా? ఆ ఇల్లు ఏమైందో రాయనక్కర్లేదా?

బేగం అఖ్తర్ మిగిలింది కదా అనవచ్చు. మిగిలింది. కానీ ఎలా? 1930లలో ఆమె అఖ్తరీబాయి ఫైజాబాదీ. కలకత్తా మెగాఫోన్ కంపెనీకి పాడింది. 1945లో లక్నో బారిస్టర్‌ను నిఖా చేసుకుని పాట మానేసింది. కొన్నేళ్ళకు మళ్ళీ మైకు ముందుకు వచ్చేసరికి ఆమె బేగం అఖ్తర్. మనకు ఎల్పీల మీద బాగా పరిచయమైంది ఈ రెండో మనిషి. మొదటి మనిషి వేరే కంపెనీ ప్లేట్లలో ఉండిపోయింది. ఏ కంపెనీ తన గోదాములో ఉన్నదే మళ్ళీ వేసుకుంటుంది. అలా ఒకే గాయని జీవితం రెండు ముక్కలై, ఇజ్జత్ దక్కిన ముక్కకు వెలుగు, కోఠా వాసన ఉన్న ముక్కకు చీకటి దక్కాయి.

తప్పు బయటివాళ్ళదే అని తోసెయ్యడం న్యాయం కాదు. మన షరీఫ్ ఖాందాన్లు ఈ బాయీలను ఎప్పుడు మనవాళ్ళన్నాయి? సంగీతం హరామా హలాలా అన్న తర్కంలో పడి, వాళ్ళ పేరెత్తడానికే సిగ్గుపడ్డాం. కవ్వాలీ దర్గా దగ్గర ఉండాలి, గజల్ ముషాయిరా దగ్గర ఉండాలి, ఠుమ్రీ మాత్రం మన గడప తొక్కకూడదు అన్నాం. బయట మెజారిటీ వాళ్ళు ముస్లింలని పక్కన పెట్టారు. లోపల మనం తవాయిఫులని పక్కన పెట్టాం. రెండు తలుపులూ మూసుకున్నాక వాళ్ళ పాట ఎక్కడ నిలుస్తుంది? ఆడవాళ్ళ గురించి, పేదల గురించి, కిందికులాల ముస్లింల గురించి మనలో మనం మాట్లాడుకోవడం మొదలయ్యాక అయినా ఈ లెక్క తేల్చుకోవాలి.

పేరే లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. 78 ప్లేట్ల మీద పాడినవాళ్ళ పేరుంటుంది. వెనక సారంగీ వాయించినవాడి పేరు, తబలా వాయించినవాడి పేరు సాధారణంగా ఉండదు. వాళ్ళలో చాలామంది మిరాసీలు, తరతరాల వృత్తి వాద్యగాళ్ళు. గాయని శ్వాస తీసుకునే చోట ఆ పాటను పడిపోకుండా పట్టుకున్నది వాళ్ళ గజమే. పాట చివర పేరు చెప్పుకునే అవకాశం కూడా వాళ్ళకు రాలేదు. పునర్విడుదల చేసే కంపెనీ కొంచెం శ్రమపడి, రికార్డింగ్ పుస్తకాలు తిరగేసి, సేకర్తలను అడిగి, దొరికినన్ని పేర్లయినా వెయ్యొచ్చు. దొరకని చోట 'సారంగీ: పేరు నమోదు కాలేదు' అని ఒక వరస వేస్తే చాలు. ఆ ఖాళీ కూడా చరిత్రే.

డబ్బు సంగతి ఎత్తకుండా ఈ మాట పూర్తి కాదు. మన దేశ చట్టంలో ప్రదర్శించే కళాకారుడికి హక్కంటూ ఒకటి చేరింది 1994 సవరణతో. అంతకు ముందు ప్లేటు మీద పాటకు యజమాని కంపెనీయే. పాడినప్పుడు చేతిలో పెట్టిందే కూలి. అదే పాట ఎల్పీగా, క్యాసెట్టుగా, సీడీగా ఎన్నిసార్లు తిరిగి అమ్ముడుపోయినా ఆ వారసులకు చట్టప్రకారం అడిగే దారి లేదు. ఇక రికార్డు మీద కాపీరైటు 60 ఏళ్ళు. 1950లకు ముందు ప్లేట్లన్నిటికీ ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. అంటే ఇవాళ ఆ ప్లేట్లు మళ్ళీ వెయ్యడానికి రికార్డు కంపెనీ అనుమతి అక్కర్లేదు. కానీ చట్టం తలుపు తీసినా తాళంచెవి వేరేచోట ఉంది. ప్లేటు అచ్చువెయ్యడానికి చేసిన లోహపు అచ్చులు, రికార్డింగ్ పుస్తకాలు కంపెనీల దగ్గర ఉన్నాయి. తొలి ప్లేట్ల ప్రతులు ఎన్నో ఇంగ్లాండులోని హేజ్‌లో ఇ.ఎం.ఐ. భాండాగారంలో ఉన్నాయి. మిగిలినవి సేకర్తల అలమరాల్లో ఉన్నాయి.

ఇక్కడ సేకర్తలకు సలాం చెప్పాలి. 1990లో ముంబైలో భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఏర్పడింది. ఆస్ట్రేలియా వాడైన మైకేల్ కినియర్ కూర్చుని 1899 నుంచి 1908 దాకా గ్రామఫోన్ కంపెనీ మన దేశపు తొలి రికార్డులను నంబరు నంబరుగా జాబితా వేసి 1994లో పుస్తకం తెచ్చాడు. పాత సామాన్ల దుకాణాల్లో, చోర్ బజార్లలో దుమ్ము దులిపి ప్లేట్లు ఏరిన మనుషులు లేకపోతే కంపెనీలకు సైతం మళ్ళీ వెయ్యడానికి మంచి ప్రతి దొరికేది కాదు. అకాడమీలు చెయ్యవలసిన పని వ్యక్తులు చేశారు.

మన హైదరాబాద్‌కు కూడా ఇందులో వాటా ఉంది. బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ 1968లో కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. దాయరా మీర్ మోమిన్‌లో ఆయన మట్టి ఉంది. పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ కవ్వాలీలు ఇక్కడి గాలిలో పుట్టి రికార్డులకెక్కాయి. కోస్తాకు వెళితే ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం శ్రీరంగం గుడి ముందు మోగింది. అజాన్ వినే చెవులతోనే ఆయన తోడి రాగం విన్నాడు. ఈ ముగ్గురి పాత ఎల్పీలు ఇవాళ మన పిల్లలకు ఎక్కడ దొరుకుతాయి? తెలుగు నేల మీద ముస్లిం అంటే అత్తరు, బిర్యానీ, పాతబస్తీ అని మాత్రమే రాసే పత్రికలకు ఈ శబ్దాలు ఎవరు వినిపిస్తారు?

ఇప్పుడు గాలి మళ్ళీ మారింది. 2017లో సారెగమ కంపెనీ 'కారవాన్' పేరుతో అయిదువేల పాత పాటలు నింపిన రేడియోలాంటి పెట్టె తెచ్చింది. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దాన్ని చేతిలోంచి వదల్లేదు. వినైల్ ప్లేటుకు కూడా కొత్త మోజు పుట్టింది. పాత సినిమా ఎల్పీలు మెరిసే అట్టల్లో, వేల రూపాయల ధరతో మళ్ళీ వస్తున్నాయి. మంచిదే. కానీ మోజుకు జ్ఞాపకం తక్కువ. అది గోడకు తగిలించే అట్టను చూస్తుంది, అట్ట వెనక రాతను చదవదు. ఫోన్‌లో వినే పాటకు అసలు అట్టే లేదు. పేరు, ఏడాది, ఊరు, వాద్యగాడు అన్నీ ఊడిపోయి, వరసలో ఒక పాటగా మిగులుతుంది. ఎవరి పేరూ లేకుండా పాట మిగలడం కూడా ఒక రకంగా మరుగే.

కనుక అడగవలసింది స్పష్టంగా అడుగుదాం. పాత రికార్డు మళ్ళీ వేసే ప్రతి కంపెనీ పాడినవాళ్ళ అసలు పేరు, ప్లేటు మీద వేసిన పేరు రెండూ ఇవ్వాలి. రికార్డు చేసిన ఏడాది, ఊరు చెప్పాలి. పాట చివర పేరు చెప్పే ఆ రెండు క్షణాలను చప్పుడు శుభ్రం చేసే పేరుతో కత్తిరించకూడదు. గడువు తీరిన రికార్డుల విషయంలో కంపెనీల దయ కోసం కూర్చోనక్కర్లేదు. ఉర్దూ అకాడమీలు, 1998లో హైదరాబాద్‌లో పెట్టిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, సంగీత కళాశాలలు సేకర్తలతో కలిసి ఆ పని మొదలుపెట్టవచ్చు. ముషాయిరాలకు పెట్టే ఖర్చులో కొంత చాలు. తెలుగులో అట్టరాత రాయడానికి మనలో చదువుకున్నవాళ్ళు లేకపోలేదు.

దీన్ని ముస్లింల కోసం అడిగే రాయితీ అనుకుంటే పొరపాటు. మహమ్మద్ కాసిం పాడిన శ్యామా సంగీతం, ధీరేన్ దాస్ పాడిన ఇస్లామీ పాట, అబ్దుల్ కరీం ఖాన్ పాడిన త్యాగరాజ కృతి ఏ ఒక్క మతం వాటాలోకీ రావు. అవి పోతే నష్టం ఒక్కరిది కాదు. కానీ అవి పోయినప్పుడు ముందు మాయమయ్యేది ఎవరి పేరో మనకు అనుభవం. అందుకే ఆ పేరును కాపాడమని ముందుగా అడిగేది మనమే కావాలి.